వయార్తాలో ఏ వేళకి ఏది

పొద్దున్న ఏడు దాటిందంటే ప్వెర్తో వయార్తా పాత వీధుల్లోకి గ్యాస్ బండి వచ్చేది. గుండ్రాళ్ళు పరిచిన ఎత్తు రోడ్డు మీద సిలిండర్లు ఒకదానికొకటి తగిలి గణగణమంటుంటే, మైకులో కంపెనీ పాట అరిగిపోయిన గొంతుతో మోగుతుండేది. కాసేపటికి "ఆగ్వా" అని సాగదీస్తూ నీళ్ళ బండి. ఎండ కాస్త ముదిరాక కత్తులకు సాన పట్టేవాడి వేణువు, కింది స్వరం నుంచి పై స్వరానికి ఒక్క ఊపులో. మెక్సికో పసిఫిక్ తీరంలో, హాలిస్కో రాష్ట్రం పడమటి అంచున, బాండెరాస్ అఖాతం ఒడ్డున ఉన్న ఈ ఊరికి చలికాలం గడపడానికి అమెరికా, కెనడాల నుంచి జనం వచ్చి పడుతుంటారు. వాళ్ళలో చాలామందికి సముద్రం గుర్తుంటుంది. అద్దెకి ఇల్లు తీసుకుని, అంట్లు తోముకుని, వండుకు తిన్నవాళ్ళకి ఈ చప్పుళ్ళు గుర్తుంటాయి. ఏ వేళకి ఏది గుమ్మం ముందుకొస్తుందో పట్టుబడితే సగం కాపురం కుదిరినట్టే.

గ్యాస్ సంగతి ముందు. సిలిండర్లు 10, 20, 30, 45 కిలోల సైజుల్లో ఉంటాయి. ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవడమే. తెచ్చినతను తనే బిగించిపోతాడు, చేతిలో నాలుగు చిల్లర పెట్టడం మర్యాద. మనమే బిగించాల్సి వస్తే మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: ఇక్కడి సిలిండరు మూతి దగ్గర మర ఎడమ చేతి వాటం. బిగించాలంటే గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిప్పాలి. అలవాటు కొద్దీ కుడివైపుకి బలంగా తిప్పితే మెత్తని ఇత్తడి మర చెడిపోతుంది, ఇక ఎంత బిగించినా గ్యాస్ కారుతూనే ఉంటుంది. బిగించాక సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. డాబా మీద ఎండకీ ఉప్పు గాలికీ రబ్బరు గొట్టం తొందరగా బీటలు తీస్తుంది. పైకి బాగానే కనిపిస్తుంది, వంచి చూస్తే పగుళ్ళు బయటపడతాయి.

కొన్ని ఇళ్ళల్లో డాబా మీదే పెద్ద ట్యాంకు బిగించి ఉంటుంది. దానికి లారీ వచ్చి పొడుగాటి గొట్టంతో లీటర్ల లెక్కన నింపుతుంది. లారీ మీటరు సున్నా దగ్గర మొదలైందో లేదో చూడటం ఇంటివాళ్ళ పని, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. పెట్రోలు బంకులోనూ ఇదే పద్ధతి. ట్యాంకు మీది ముల్లు శాతాల్లో చూపిస్తుంది. 20కి దిగగానే ఫోన్ చేయాలి. 5 దాకా ఆగితే సరిగ్గా చుట్టాలొచ్చిన ఆదివారం పొయ్యి ఆరిపోతుంది.

తాగడానికి గరాఫోన్, అంటే 20 లీటర్ల నీళ్ళ డబ్బా. కుళాయి నీళ్ళు ఊరి పైపుల్లో బాగానే బయల్దేరినా, ఇంటి కింది తొట్టిలోనూ డాబా మీది ట్యాంకులోనూ ఎన్నాళ్ళు నిలవ ఉంటాయో, ఆ ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారో ఎవరికి తెలుసు? అందుకే ఆ నీళ్ళు గిన్నెలకీ స్నానానికీ మాత్రమే. ఆ డాబా ట్యాంకు పేరు తినాకో. మామూలు కుటుంబానికి 1,100 లీటర్లది పెడతారు. షవరుకి నాలుగైదు అడుగుల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ధార సన్నగా వస్తుంది. కరెంటు పోయినప్పుడు మాత్రం ఆ సన్న ధారే దిక్కు, మోటారు అక్కర్లేకుండా కిందికి దిగుతుంది. లోపలి తేలే బంతి ఇరుక్కుంటే నీళ్ళు రాత్రంతా డాబా మీంచి వీధిలోకి పోతూ ఉంటాయి, పొద్దున్నే పక్కింటావిడ తలుపు కొడుతుంది. కూరగాయల్ని, ముఖ్యంగా కొత్తిమీర, లెట్యూస్ లాంటి పచ్చివాటిని, సూపర్ మార్కెట్లో కూరల పక్కనే అమ్మే క్రిమినాశక చుక్కలు వేసిన నీళ్ళలో నానబెట్టడం అక్కడ ప్రతి ఇంటా ఉన్న అలవాటే. సీసా మీద రాసినంత సేపు ఉంచాలి. ఊరికే ముంచి తీస్తే మట్టి పోతుందంతే.

కరెంటు 127 వోల్టులు, 60 హెర్ట్జ్. మన మిక్సీ తీసుకెళ్ళిన తెలుగువాళ్ళు అందరూ ఎదుర్కొనే చిక్కు ఇదే. 750 వాట్ల మిక్సీకి వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మరు కనీసం 1,500 వాట్లది ఉండాలి. మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు చాలా ఎక్కువ, చిన్నదానితో నెట్టుకొస్తే వేడెక్కి వాసనేస్తుంది. మిక్సీ వరకు ఫర్వాలేదు. టేబుల్ టాప్ గ్రైండరు అయితే 60 హెర్ట్జ్ మీద దాదాపు ఐదో వంతు ఎక్కువ వేగంతో తిరిగి పిండిని వేడెక్కిస్తుంది, కాబట్టి చన్నీళ్ళు పోసుకుంటూ ఆపి ఆపి రుబ్బాలి. నన్నడిగితే అక్కడి మిక్సీయే కొనుక్కోవడం నయం. ఇడ్లీ పిండి పులియడానికి మాత్రం ఆ ఊరిని మించింది లేదు. జూలైలో రుబ్బి పెడితే ఐదారు గంటలకే గిన్నె అంచు దాటుతుంది.

కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. ఏసీ వాడేవాళ్ళు ఒక విషయం తెలుసుకుని ఉండాలి. గడిచిన 12 నెలల సగటు వాడకం ఆ ప్రాంతానికి పెట్టిన హద్దు దాటితే సబ్సిడీ మొత్తం పోయి, 'దాక్' అనే అధిక వినియోగపు రేటులోకి వెళ్ళిపోతారు. ఒకసారి అందులో పడితే సగటు మళ్ళీ దిగేదాకా బయటికి రాలేరు. అందుకే అద్దెకి దిగేముందు ఇంటివాళ్ళని పాత బిల్లు చూపించమని అడగాలి. అంతకుముందున్నవాళ్ళు రాత్రింబవళ్ళు ఏసీ వేసుకుని పోతే ఆ భారం కొత్తగా దిగినవాళ్ళ నెత్తిన పడుతుంది.

ఇక తిండి. పదకొండు అయ్యేసరికి టోర్టియా, అంటే పల్చటి మొక్కజొన్న రొట్టెల, దుకాణం ముందు వరస కడతారు. మొక్కజొన్నని సున్నం నీళ్ళలో ఉడికించి, రాత్రంతా అలాగే నాననిచ్చి, కడిగి రుబ్బిన ముద్దతో చేస్తారు. కిలో గింజలకి సున్నం ఓ పది గ్రాములు చాలు. ఆ సున్నం వల్లే పొట్టు ఊడుతుంది, ముద్దకి జిగురొస్తుంది, మొక్కజొన్నలోని నయాసిన్ (బి3 విటమిన్) ఒంటికి పడుతుంది. ఇంటి నుంచి మందపాటి గుడ్డ పట్టుకెళ్ళాలి. కిలోకి 30, 40 మధ్య వస్తాయి. పొగలు కక్కుతున్నవాటిని ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి, విడదీయబోతే చిరుగుతాయి. గుడ్డలో అయితే చెమ్మ గుడ్డ పీల్చుకుంటుంది. సాయంత్రానికి గట్టిపడితే నూనె లేని పెనం బాగా కాలాక అటూ ఇటూ అరనిమిషం. చల్లటి పెనం మీద వేస్తే అప్పడాలవుతాయి. మర్నాటికి మిగిలినవాటిని కావాలనే అలా ఎండబెట్టి వేయిస్తే తోస్తాదాలు, వాటి అవసరం ఇప్పుడే రాబోతోంది.

చేపల దుకాణంలో సియెర్రా అని అడగాలి. మన వంజరం కుటుంబంలోదే, అదే స్కాంబెరోమోరస్ జాతి. పక్కల మీద పసుపు బంగారు రంగు చుక్కలుంటాయి. వంజరాన్ని ముక్కలు కోసి వేపుడు చేసుకునే మనవాళ్ళు అక్కడ దాన్ని పచ్చిగా నిమ్మరసంలో నానేసి తినడం చూసి మొదట కాస్త వెనక్కి తగ్గుతారు. వయార్తా నుంచి పక్క రాష్ట్రాలైన నయరీత్, కొలీమా తీరాల దాకా సెవీచే అంటే ఇదే, సన్నగా కొట్టిన సియెర్రా, తురిమిన క్యారెట్. రాజధానిలో వేసే పెద్ద ముక్కల సెవీచే ఈ తీరం వాళ్ళకి ఆనదు.

అరకిలో ముళ్ళు తీసిన చేప. తోలు కిందికి పెట్టి, చెంచాతో తోక నుంచి తల వైపు గీకితే కండ మెత్తగా లేస్తుంది, తోలూ నరాలూ బల్లకే ఉండిపోతాయి. మధ్యలో నల్లెరుపు రంగు చార ఒకటి ఉంటుంది. దాన్ని తీసేయాలి, నీచు వాసనంతా అక్కడే. గీకిన కండని కత్తితో ఇంకాస్త కొట్టి, గాజు గిన్నెలోనో స్టీలు గిన్నెలోనో వేసి, మునిగేంత నిమ్మరసం పొయ్యాలి. అక్కడి చిన్న పచ్చ నిమ్మకాయలు 12 నుంచి 15 పడతాయి. నిమ్మకాయని కసిగా పిండకూడదు. తొక్కలోని నూనె దిగి చేదెక్కుతుంది. ఇరవై నిమిషాలకి కండ గాజు రంగు పోయి తెల్లబడుతుంది. అప్పుడు చేత్తో గట్టిగా పిండి రసం వంపేయాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు, తోస్తాదా మీద పెట్టగానే అది మెత్తబడి చేతిలోనే విరుగుతుంది. పిండిన కండలో రెండు క్యారెట్ల సన్నటి తురుము, ఒక ఉల్లిపాయ, గింజలు తీసిన రెండు టమాటాలు, రెండు సెరానో పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర. ఉప్పు చివర్లో, లేకపోతే టమాటా నీరు వదిలి పడ్డ శ్రమంతా వృథా. తోస్తాదాకి ముందు పలచగా మయోనైజ్ రాస్తే అది తడిని ఆపుతుంది. చేసిన గంటలోపు తినేయాలి. సాయంత్రం దాకా ఉంచితే కండ పొడిపొడిగా, సుద్దముక్క రుచికి వస్తుంది. నిమ్మరసం కండని తెల్లబరుస్తుంది కానీ వండినట్టు పురుగుల్నీ క్రిముల్నీ చంపదు. అందుకని పురుగులు చావడానికి చేపని ముందు వారం రోజులు డీప్ ఫ్రీజర్లో గట్టిగా గడ్డకట్టించి వాడటం మంచిది, గర్భిణులు ముట్టకపోవడమే మేలు.

మార్కెట్లో కూరల వైపుకి వెళ్తే తెలుగువాళ్ళకి పరాయి ఊళ్ళో ఉన్నామన్న సంగతి కాసేపు తెలియదు. సపోటా, జామ, బొప్పాయి, సీమచింత, టమాటా, మిరప, బంతిపూలు, దేవగన్నేరు: వీటన్నిటి పుట్టిల్లు ఆ నేలా, దాని చుట్టుపక్కలే. సీమచింతకాయలు ఎండాకాలం మొదట్లో చిన్న సంచుల్లో కట్టి అమ్ముతారు, వాటి పేరు అక్కడ గ్వామూచిల్. చింతపండు, మామిడి, కొబ్బరి మాత్రం మన వైపు సముద్రాల నుంచి వెళ్ళినవి. పచ్చిమామిడి చెక్కి, ఉప్పూ కారం చల్లి, నిమ్మకాయ పిండి ప్లాస్టిక్ గ్లాసులో పెట్టి ఇస్తుంటే, అమ్మే మనిషి భాష ఒక్కటే వేరు, తక్కినదంతా మన బడి గేటు ముందరిదే.

బస్తాల్లో ముదురెరుపుగా ఎండిన హమైకా పూలుంటాయి. అవి మనం ఎరిగిన ఎర్ర గోంగూర మొక్కవే, కాయ చుట్టూ ఉండే కండగల రేకులు. సాయంత్రాలు తాగే ఎర్రటి చల్లనీళ్ళు వీటితోనే. రెండు లీటర్లకి సుమారు 50 గ్రాములు తీసుకుని, ఇసుక పోయేలా కడిగి, లీటరు నీళ్ళలో ఐదు నిమిషాలు మరిగించి, మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేస్తే రంగంతా దిగుతుంది. వడకట్టి, అరకప్పు పంచదార కలిపి, ఇంకో లీటరు చన్నీళ్ళు పొయ్యాలి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకి లోహం కరిగి రుచి చెడుతుంది. వడకట్టిన పిప్పిని అక్కడివాళ్ళు ఉల్లిపాయతో వేయించి టాకోల్లో పెట్టుకుంటారు. పచ్చడికి ఆ పిప్పి పనికిరాదు, పులుపంతా నీళ్ళలోకి పోయి ఉంటుంది. పచ్చడి కోసం వేరే పూలు తీసుకుని, పది నిమిషాలు వేడినీళ్ళలో నానబెట్టి, నూనెలో మగ్గనిచ్చి, వెల్లుల్లి, వేయించిన ఎండుమిర్చితో రుబ్బాలి. కారానికి చిలే దే ఆర్బోల్, రంగుకి గ్వాహీయో. రెండోదాన్ని ఎంత వేసినా నోరు మండదు, బ్యాడగి మిర్చి చేసే పని అది చేస్తుంది. బెల్లం కావాలంటే పిలోన్సీయో అనే శంఖాకారపు దిమ్మలు. కందిపప్పు దొరకదు, కరివేపాకూ దొరకదు. ఆ రెండింటికీ ప్రత్యామ్నాయం ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అఖాతం దాటి ఉత్తరాన నయరీత్‌లోకి, సాన్ బ్లాస్ వైపు వెళ్తే దారి పొడుగునా పనసకాయలు. మెక్సికోలో పనస పంటకి పేరున్న ప్రాంతం అదే. అక్కడి పేరు యాకా. తొనలు వొలిచి గ్లాసుల్లో పెట్టి అమ్ముతారు, గింజలు ఊరికే పారేస్తారు. కాయ మొత్తం కొంటే కత్తికీ చేతులకీ నూనె రాసుకోవడం మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కానీ, పక్కనున్న కెనడా వాళ్ళకి చెప్పాలి. జిగురు అంటాక సబ్బుతో రుద్దితే ఇంకా పాకుతుంది, నూనెతో తుడిస్తేనే వదులుతుంది.

ఎండ వాలాక అందరూ మలేకోన్ మీదికి చేరతారు. సముద్రం గట్టున నడవడానికి కట్టిన దారి. విశాఖ బీచి రోడ్డు మీద పెరిగినవాళ్ళకి సముద్రంలోంచి సూర్యుడు లేవడం అలవాటు. ఇక్కడ నీళ్ళలోకి దిగిపోతాడు, జనం ఐస్‌క్రీము తింటూ చూస్తారు. పుల్లకి గుచ్చి కాల్చిన చేపలు, రొయ్యలు, ఉడికించిన మొక్కజొన్న పొత్తులు తిరుగుతుంటాయి. భుజాన పెద్ద సొరబుర్రతో నడిచే మనిషి తూబా అమ్ముతాడు. కొబ్బరి పూగెల కోసిన చోట కారే తీపి కల్లే అది. 1565 నుంచి 1815 వరకు మనీలాకీ ఆకపుల్కోకీ మధ్య నడిచిన ఓడల్లో వచ్చిన ఫిలిప్పీన్సు వాళ్ళు ఈ తీరానికి నేర్పిన విద్య. గ్లాసులో సన్నగా తరిగిన ఆపిలూ వేరుశనగపప్పూ వేసి ఇస్తారు. పొద్దున్న దింపింది మధ్యాహ్నందాకా తియ్యగా ఉంటుంది. వేడికి పులిసిపోవడానికి ఎంతో సేపు పట్టదు కాబట్టి, సాయంత్రం కొనేటప్పుడు ఒక గుటక రుచి చూసి గ్లాసు పోయించుకోవడం తెలివైన పని. అక్కడ మందుకొట్టు వెతుక్కునే వాళ్ళ కోసం కాదిది, పిల్లలు కూడా తాగుతారు.

పొద్దున్నపూట 500 పేసోల నోటు ఎవరూ తీసుకోరు, చిల్లర లేదంటారు. దాన్ని సూపర్ మార్కెట్లో మార్చుకుని, నాణేలన్నీ ఒక డబ్బాలో వేసి గుమ్మం దగ్గర పెట్టుకోవాలి. నీళ్ళతనికి, గ్యాస్ అతనికి, సూపర్ మార్కెట్లో సంచులు సర్దే ముసలాయనకి, బస్సుకి, అన్నిటికీ అవే.

ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా ఈ సాయంత్రమే. వయార్తాలో రాత్రి 8 అయితే మన దగ్గర మర్నాడు పొద్దున్న 7.30, అమ్మ కాఫీ తాగుతూ ఉంటుంది. 2022 అక్టోబరులో మెక్సికోలో చాలా భాగం వేసవికాలపు గడియారం మార్పిడిని ఎత్తేశాక ఈ పదకొండున్నర గంటల తేడా ఏడాది పొడుగునా ఒక్కటే. అంతకుముందు వేసవిలో గంట తగ్గేది. 2010కి ముందు ఇంకో తమాషా ఉండేది: ఆమెకా నది వంతెన దాటి నయరీత్‌లో అడుగుపెడితే గడియారం గంట వెనక్కి పోయేది. వంతెనకి అవతల హోటల్లో దిగి, వయార్తా విమానాశ్రయంలో విమానం ఎక్కాల్సినవాళ్ళు తప్పిన కథలు టాక్సీవాళ్ళ దగ్గర బోలెడు.

మే నెలాఖరుకి కీచురాళ్ళ మోత చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. తొలి వానలకి నేల పీతలు కొండవైపు నుంచి రోడ్డు దాటి సముద్రానికి గుడ్లు వదలడానికి పోతాయి, కార్లు పక్కకి తప్పుకుంటూ పోవాలి. అక్టోబరు దాకా దాదాపు ప్రతి సాయంత్రం ఉరుములతో వాన. తోలు చెప్పులకి వారంలో బూజు పడుతుంది, ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేయకపోతే గడ్డకడుతుంది, తాళం కప్పలు బిగుసుకుంటాయి. తాళంలో వంటనూనె పోస్తే రెండు రోజులు తిరుగుతుంది, తర్వాత దుమ్ము పట్టి ఇంకా మొండికేస్తుంది. పెన్సిలు ములుకు పొడి, గ్రాఫైటు, అదే సరైన మందు. తొడిగేముందు చెప్పులు దులపడం తేళ్ళ భయానికి. కుట్టిందంటే చిట్కాలు చూడకుండా నేరుగా ఆసుపత్రికే, అక్కడ విరుగుడు ఇంజక్షను ఉంటుంది. తుపాను వస్తోందంటే ముందు తినాకో నింపుకోవాలి, ఫోన్లు చార్జి పెట్టుకోవాలి. చుట్టూ కొండలున్నాయి కాబట్టి ఈ అఖాతంలోకి తుపాను రాదని స్థానికులు ధీమాగా చెబుతారు. 2002 అక్టోబరులో కెన్నా తుపాను తీరం దాటింది సాన్ బ్లాస్ దగ్గరే అయినా, దాని అలలు వయార్తా మలేకోన్‌ని పెళ్ళగించేశాయి. 2023 అక్టోబరులో లిడియా ఊరికి దక్షిణాన తీరం దాటింది. కాబట్టి ఆ ధీమాని విని ఊరుకోవడమే, నమ్మి కిటికీలు తెరిచి పడుకోకూడదు.

వానలు వెళ్ళిపోయాక ఊరు మళ్ళీ కడిగినట్టు తేలుతుంది. డిసెంబరు 1 నుంచి 12 వరకు సాయంత్రమయ్యేసరికి గ్వాదలూపే మాత గుడికి ఊరేగింపులు. ఒక్కో పేట, ఒక్కో దుకాణం, ఒక్కో హోటలు సిబ్బంది వంతులవారీగా పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని, డప్పులతో, ఈకల కిరీటాల నాట్యగాళ్ళతో హ్వారేస్ వీధిలో నడుస్తారు. గుడి గోపురం మీది కిరీటం 1995 భూకంపంలో దెబ్బతింటే మళ్ళీ చేయించి పెట్టుకున్నారు. ఆ పన్నెండు రోజులూ గుడి చుట్టూ తినుబండారాల బళ్ళు. చక్కెర పొడి చల్లిన బునుయేలోలనే కరకరలాడే పిండివంటలు, పెద్ద గుండిగల్లో పొసోలే అనే మొక్కజొన్న, మాంసం పులుసు. బునుయేలో నూనెలోంచి తీసినప్పుడే తినాలి, సముద్రపు తేమకి పది నిమిషాల్లో మెత్తబడిపోతుంది. ఆ వీధుల్లో బస్సులు తిరగవు, టాక్సీలు దొరకవు. కాబట్టి ఆరు కాకముందే నడిచి చేరుకుని, వెనక్కి కూడా నడిచే వచ్చేలా చెప్పులు వేసుకోవాలి.